బ్లాక్ డ్రైవర్ డేటాని పాడుచేస్తుంటే: కోడ్ తెరవకముందు పాడైన బైట్లు చదవండి

మీ బ్లాక్ డ్రైవర్ (కెర్నల్‌కీ డిస్క్‌కీ మధ్య డేటా మోసే కోడ్) మీద నడిచే మెషిన్‌లో డేటాబేస్ ఒకరోజు పేజీ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే లెక్క) కుదరడం లేదని ఆగిపోతుంది. కెర్నల్ లాగ్ చూస్తే శుభ్రంగా ఉంటుంది, ఒక్క ఐఓ (చదవడం, రాయడం) ఎర్రర్ లేదు. డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టు బాగుంది. రీబూట్ చేస్తే రెండు రోజులు బానే నడిచి మూడో రోజు ఇంకో పేజీ పోతుంది. ఇలాంటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరసలో పోవాలి అనేది, నాకు పనికొచ్చిన పద్ధతి ప్రకారం రాస్తున్నాను. లినక్స్ గురించే చెప్తున్నా, రోజూ నేను కూర్చునేది దాని ముందే. సీ వచ్చి, చిన్నదైనా ఒక కెర్నల్ మాడ్యూల్ రాసినవాళ్లకి ఇదంతా అర్థమవుతుంది.

మొట్టమొదట, కోడ్ తెరవకండి. ఈ రకం బగ్ నాకు మొదటిసారి తగిలినప్పుడు గుడ్డెద్దు చేలో పడ్డట్టు డ్రైవర్ మీద పడ్డాను. అనుమానం వచ్చిన ప్రతిచోటా లాక్ పెట్టాను, మెమరీ బారియర్ పెట్టాను, ప్రతి మార్పుకీ బగ్ కాసేపు మాయమయ్యేది, మళ్లీ వచ్చేది, అలా రెండు వారాలు పోయాయి. చివరికి మా సీనియర్ ఒకాయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "పాడైన బ్లాక్‌లో ఇప్పుడు ఏముందో చూశావా?" అని అడిగారు. చూడలేదు. పాడైందని తెలుసు, ఎలా పాడైందో తెలీదు. సున్నాలున్నాయా, పాత డేటా ఉందా, పక్కింటివాళ్ల డేటా వచ్చి కూర్చుందా, ఒక్క బిట్ మారిందా అన్నది తేలకుండా ఇరవై వేల లైన్ల కోడ్‌లో ఏం వెతుకుతాం?

ముందు రాతలు ఆపండి

డివైస్ మీద ఇంకొక్క బైట్ కూడా పడకుండా చూడాలి. బ్లాక్‌డెవ్ కమాండ్‌తో డివైస్‌నే రీడ్ ఓన్లీగా మార్చండి. మౌంట్ చేసేటప్పుడు ఆర్ఓ అని పెడితే చాలనుకుంటారు చాలామంది, చాలదు. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా, జర్నల్‌లో (మార్పుల్ని ముందుగా రాసుకునే చోటు) మిగిలినవి ఉంటే వాటిని డిస్క్ మీదికి రాసేస్తుంది, అది వద్దంటే నోలోడ్ ఆప్షన్ కూడా ఇవ్వాలి. ఎక్స్ఎఫ్ఎస్‌కి అయితే నోరికవరీ. ఫైల్‌సిస్టమ్‌ని సరిచేసే ఎఫ్ఎస్‌సీకే మాత్రం అసలైన డిస్క్ మీద పొరపాటున కూడా నడపొద్దు. అది తనకి తోచినట్టు సర్దేస్తుంది, ఆ సర్దడంలో మీకు కావలసిన ఆధారమంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఒక కాపీ తీసి, ఏం చేసినా ఆ కాపీ మీద చేయండి.

కాపీ ఒకటి కాదు, రెండుసార్లు తీయండి. పేజ్ క్యాష్ (కెర్నల్ ర్యామ్‌లో దాచుకున్న కాపీ) అడ్డం రాకుండా డైరెక్ట్ రీడ్‌తో తీసి రెండింటి షా256 చెక్‌సమ్ పోల్చండి. ఈ చిన్న పనితో పెద్ద విషయం తేలుతుంది. రెండు కాపీలూ ఒకేలా వచ్చి రెండింట్లోనూ అదే బ్లాక్ పాడై ఉంటే తప్పు డిస్క్ మీదే ఉంది, అంటే రాసేటప్పుడు జరిగింది. రెండు కాపీలూ వేరువేరుగా వస్తే డిస్క్ మీద డేటా బాగానే ఉండి ఉండొచ్చు, చదివే దారిలో తప్పు జరుగుతోంది. వీలైతే అదే డిస్క్‌ని వేరే కంట్రోలర్‌కి, వేరే డ్రైవర్‌కి తగిలించి మూడో కాపీ కూడా తీయండి. అనుమానం ఉన్న డ్రైవర్ చేతనే సాక్ష్యం చెప్పించుకుంటే ఎలా?

బగ్‌ని పిలిస్తే వచ్చేలా చేసుకోండి

కస్టమర్ దగ్గర వారానికి ఒకసారి వచ్చే బగ్‌ని మీ బల్ల మీద పది నిమిషాలకి ఒకసారి తెప్పించుకోగలిగితే సగం పని అయినట్టే. దీనికి ఎఫ్ఐఓ అనే డిస్క్ టెస్టు టూల్ చాలు, కానీ మామూలుగా స్పీడ్ కొలవడానికి వాడే పద్ధతిలో కాదు. వెరిఫై ఆప్షన్‌కి సీఆర్‌సీ32సీ ఇవ్వండి, డైరెక్ట్ ఐఓ పెట్టండి, బ్లాక్ సైజు ఒకటే కాకుండా 4 కేబీ నుంచి 1 ఎంబీ దాకా కలిసిపోయేలా పెట్టండి, క్యూ డెప్త్ (ఒకేసారి పంపి ఉంచే ఐఓల సంఖ్య) 64కి తగ్గొద్దు. వెరిఫై ఇంటర్వల్ 512గా పెట్టడం మరిచిపోకండి. అది పెట్టకపోతే 1 ఎంబీ బ్లాక్ మొత్తానికి ఒకే హెడర్ ఉంటుంది, లోపల ఏ సెక్టార్ పాడైందో తెలీదు. పెడితే ప్రతి 512 బైట్లకీ దాని సొంత ఆఫ్‌సెట్ దాని నెత్తినే రాసి ఉంటుంది. వెరిఫై డంప్ ఆన్ చేస్తే తప్పు దొరికినచోట రావలసిన డేటా, వచ్చిన డేటా రెండూ విడి ఫైళ్లుగా పడతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, నేను దీని మీద ఒక రోజంతా పోగొట్టుకున్నాను. ఒకే చోటికి రెండు రాతలు ఒకేసారి గాల్లో ఉంటే ఏది ముందు పడుతుందో ఎవరూ హామీ ఇవ్వరు, డ్రైవర్ తప్పేమీ లేకపోయినా వెరిఫై ఫెయిల్ అవుతుంది. కాబట్టి రెండు మూడు జాబ్‌లు నడిపితే ఒక్కోదానికి వేరే ప్రాంతం కేటాయించండి, ఒకే జాబ్‌లో కూడా సీరియలైజ్ ఓవర్‌ల్యాప్ ఆప్షన్ వేయండి. ముందు బాగుందని తెలిసిన వేరే డ్రైవర్ మీద ఇదే టెస్టు ఒక రాత్రి నడపండి. అక్కడ పాస్ కాకపోతే టెస్టే తప్పు.

ఎఫ్ఐఓతో కుదరకపోతే రెండు వందల లైన్లలో మీరే ఒక ప్రోగ్రామ్ రాసుకోవచ్చు, నేను ఇప్పుడు అదే వాడుతున్నాను. ప్రతి సెక్టార్‌లో మొదటి 8 బైట్లు ఆ సెక్టార్ నంబర్, తర్వాతి 8 బైట్లు అది ఎన్నోసారి రాసిందో చెప్పే లెక్క, మిగతాది ఆ రెండింటి నుంచి పుట్టించిన డేటా. సెక్టార్ తన పేరూ, తన వయసూ తనే చెప్పుకుంటుంది అన్నమాట.

బైట్లు చెప్పేది వినండి

పాడైన చోటు హెక్స్ డంప్‌లో తెరవండి. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, లోపల ఏముంది అని మూడు చూడాలి.

ఒకే ఒక్క బిట్ తేడా ఉంటే డ్రైవర్ మీద అనుమానం తగ్గించుకుని ర్యామ్ వైపు చూడండి. సాటా, పీసీఐఈ తీగల మీద పోయే డేటాకి సీఆర్‌సీ కాపలా ఉంటుంది, ఒక్క బిట్ మారితే అక్కడే దొరికిపోతుంది. ఈసీసీ (తప్పు బిట్లు పట్టే ఏర్పాటు) లేని ర్యామ్‌కి ఆ కాపలా లేదు.

పాడైన ముక్క సరిగ్గా 64 బైట్లు, లేదా 64కి గుణిజంగా ఉంటే, అదీ ఏఆర్ఎం బోర్డు మీద అయితే, క్యాష్ లైన్ (సీపీయూ క్యాష్ ఒక్కసారికి పట్టుకునే ముక్క) గుర్తుకు రావాలి. ఎక్స్86లో హార్డ్‌వేరే క్యాష్‌నీ డీఎంఏనీ (డివైస్ నేరుగా ర్యామ్‌ని చదవడం, రాయడం) కలిపి చూసుకుంటుంది, చాలా ఏఆర్ఎం చిప్పుల్లో ఆ పని డ్రైవర్ చేయాలి. డీఎంఏ అన్‌మ్యాప్ చేయకముందే బఫర్ చదివేశారా, స్టాక్ మీదున్న వేరియబుల్‌ని డీఎంఏకి ఇచ్చేశారా, ఒకే క్యాష్ లైన్‌లో డీఎంఏ బఫర్ పక్కనే సీపీయూ రాసే ఫీల్డ్ ఉందా చూడండి. స్ట్రక్ట్ మధ్యలో బఫర్ పెట్టేసి, దాని పక్కనే ఒక కౌంటర్ పెట్టే డ్రైవర్లు నేను ఒకటి కంటే ఎక్కువే చూశాను.

సెక్టార్‌లో దాని సొంత పేరే ఉంది కానీ వయసు పాతదైతే, రాత పడలేదు. డ్రైవర్ పూర్తయిందని చెప్పింది, డిస్క్ మీదికి మాత్రం చేరలేదు. కరెంట్ పోయాక మాత్రమే ఇలా కనిపిస్తుంటే ఫ్లష్, ఎఫ్‌యూఏ (డేటాని క్యాష్‌లో ఉంచకుండా డిస్క్ మీద పక్కాగా పడేయమనే ఆదేశాలు) దారి చూడండి. డివైస్‌కి రాతల క్యాష్ ఉందన్న సంగతి డ్రైవర్ తన పైనున్న బ్లాక్ లేయర్‌కి (ఐఓలని వరసపెట్టి డ్రైవర్లకి పంపే కెర్నల్ భాగం) చెప్పకపోతే, బ్లాక్ లేయర్ ఫ్లష్‌లు డ్రైవర్ దాకా పంపనే పంపదు, ఫైల్‌సిస్టమ్ ఎంత మొత్తుకున్నా లాభం లేదు. కరెంట్ పోకుండానే ఇలా వస్తే వేరే కథ, దాని గురించి కింద చెప్తాను.

సెక్టార్‌లో వేరే సెక్టార్ పేరు ఉంటే నాకు ఊరట కలుగుతుంది, ఎందుకంటే అక్కడ లెక్క వేయడానికి అంకెలు దొరికాయి. ఉండాల్సిన నంబర్‌లోంచి ఉన్న నంబర్ తీసేయండి. తేడా 8388608 వచ్చిందా? 8388608 సెక్టార్లు ఒక్కోటి 512 బైట్లు చొప్పున సరిగ్గా 4 జీబీ, అంటే 2 పవర్ 32 బైట్లు. డ్రైవర్‌లో ఎక్కడో సెక్టార్ నంబర్‌ని 9 బిట్లు ఎడమకి జరిపి, వచ్చిన బైట్ ఆఫ్‌సెట్‌ని 32 బిట్ల వేరియబుల్‌లో పెట్టారు. తేడా 4294967296 వస్తే అది 2 టీబీ, ఈసారి సెక్టార్ నంబరే 32 బిట్లలో ఇరుక్కుంది. వీటిలో మొదటిది 100 జీబీ డిస్క్ మీద ఫైలు పెడుతూ పోతుంటే మొదట్లో అసలు బయటపడదు, 4 జీబీ దాటిన తొలి రాత నేరుగా 0వ సెక్టార్ మీద పడి పార్టిషన్ టేబుల్‌ని తినేస్తుంది. పరీక్ష కూడా సులువు, 8388608వ సెక్టార్‌లో ఒక గుర్తు రాసి, 0వ సెక్టార్ చదవండి. గుర్తు అక్కడ కనపడితే ఆ పూటకి పని అయిపోయినట్టే. సెక్టార్_టీ 64 బిట్లే, కానీ దాన్ని తీసుకునే ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ అన్‌సైన్డ్ ఇంట్ అయితే కంపైలర్ మామూలుగా నోరెత్తదు, డబ్ల్యూకన్వర్షన్ హెచ్చరిక ఆ ఒక్క ఫైలుకి ఆన్ చేసి చూడండి.

తేడాలో ఏ వరసా లేకుండా, ఎక్కడో దూరపు బ్లాక్ డేటా వచ్చి కూర్చుంటే, మెమరీ పేజీ గానీ ట్యాగ్ (ఒక్కో రిక్వెస్ట్‌కి ఇచ్చే నంబర్) గానీ తిరిగి వాడుకునేచోట తప్పుంది. అసలు కష్టమైనవి ఇవే.

దొంగ ఒకరు, దెబ్బలు ఇంకొకరికి

2018 నవంబర్‌లో లినక్స్ 4.19 వాడుతున్నవాళ్లకి ఈఎక్స్‌టీ4 మెటాడేటా (ఫైళ్ల గురించిన సమాచారం) చెక్‌సమ్ ఎర్రర్లు రావడం మొదలైంది. కెర్నల్ బగ్‌జిల్లాలో 201685 నంబర్ బగ్ అది. పేరులోనే ఈఎక్స్‌టీ4 ఉండడంతో అందరి చూపూ ఈఎక్స్‌టీ4 మీదే. అరిచింది అదే కాబట్టి తప్పూ దానిదే అనుకున్నారు, నిజానికి చెక్‌సమ్ చూసే అలవాటున్నది దానికి కాబట్టి అది అరిచింది. కింది నుంచి చెత్త వస్తోంది.

తప్పు బ్లాక్ లేయర్‌లో దొరికింది. షెడ్యూలర్ (ఐఓల వరస తేల్చే భాగం) నన్, అంటే ఏదీ లేదు, అని ఉన్నప్పుడు, హార్డ్‌వేర్ క్యూ ఖాళీగా ఉంటే రిక్వెస్ట్‌ని మధ్యలో ఆపకుండా నేరుగా డ్రైవర్‌కి ఇచ్చేయడం 4.19లో కొత్తగా వచ్చిన మార్పు. డ్రైవర్ దాన్ని అందుకుని, ఈ రిక్వెస్ట్‌లో ఇన్ని పేజీలు ఉన్నాయి, ఇవి ఇక్కడున్నాయి అని స్కాటర్ గ్యాదర్ పట్టిక సిద్ధం చేసుకున్నాక, ఇప్పుడు తీరిక లేదు అని బిజీ తిప్పి పంపేది. బ్లాక్ లేయర్ ఆ రిక్వెస్ట్‌ని మామూలు క్యూలో పెట్టేది. క్యూలో ఉంది కదా అని పక్క సెక్టార్లకి వచ్చిన కొత్త ఐఓని దానికి కలిపేసేది. రిక్వెస్ట్ పెద్దదైంది, పట్టిక మాత్రం పాతదే. రెండోసారి డ్రైవర్ దగ్గరికి వెళ్లినప్పుడు పాత పట్టిక ప్రకారం మొదటి ముక్క మాత్రం జరిగి, మొత్తం పూర్తయిందని రిపోర్టు వచ్చేది. చదవడమైతే, తర్వాత కలిసిన పేజీల్లో ఆ మెమరీలో అంతకుముందు ఏ చెత్త ఉందో అదే మిగిలేది. రాయడమైతే ఆ ముక్క డిస్క్ మీదికి వెళ్లేదే కాదు. కరెంట్ పోకుండానే రాత పడకపోవడం అన్నానే, అది ఇదే.

బ్లాక్ లేయర్ చూసుకునే జెన్స్ యాక్స్‌బో డిసెంబర్‌లో రెండు ప్యాచ్‌లతో దీన్ని సరిచేశారు. మొదటిది, నేరుగా పంపి వెనక్కి వచ్చిన రిక్వెస్ట్‌కి ఇక దేన్నీ కలపొద్దు అని నోమెర్జ్ గుర్తు వేసింది. రెండోది, అలా వెనక్కి వచ్చినవాటిని మామూలు క్యూలో కాకుండా డిస్పాచ్ లిస్ట్‌లో పెట్టింది, అక్కడ చేరినదానికి ఎవరూ ఏదీ కలపరు. 4.19.8తో అది వాడుకదారులకి చేరింది. ఆ ప్యాచ్‌లు వెతికి చదవండి, చిన్నవే. బగ్ అర్థమైనవాళ్లు రాసిన ఫిక్స్ ఎలా ఉంటుందో వాటిలో తెలుస్తుంది.

మీ డ్రైవర్‌లో కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి. బ్లాక్ లేయర్ నుంచి రిక్వెస్ట్ అందుకునే క్యూ_ఆర్‌క్యూ ఫంక్షన్‌లో బిజీ అని తిప్పి పంపే ప్రతి రిటర్న్ దగ్గరా ఆగి, ఇక్కడికి వచ్చేలోపు ఏమేం చేశాను, వాటన్నింటినీ తిరగతోడానా అని చూడండి. మ్యాప్ చేసిన డీఎంఏ అన్‌మ్యాప్ చేశారా, పెంచిన కౌంటర్ తగ్గించారా, హార్డ్‌వేర్ రింగ్‌లో సగం రాసిన ఎంట్రీ ఉందా అని. ఎర్రర్ దారుల్ని రివ్యూలో ఎవరూ శ్రద్ధగా చదవరు, వాటికి టెస్టులూ ఉండవు, నా అనుభవంలో డేటా పాడుచేసే బగ్‌లు ఎక్కువగా దాక్కునేది అక్కడే.

ఒక్కో స్విచ్ ఆపుకుంటూ పోండి

బగ్ మీ బల్ల మీద వస్తోంది, బైట్ల ఆకారం తెలిసింది. ఇప్పుడు ఒకసారికి ఒకటే మారుస్తూ చూడాలి. ఫైల్‌సిస్టమ్ తీసేసి నేరుగా డివైస్ మీద టెస్టు నడపండి. అప్పుడూ వస్తే ఫైల్‌సిస్టమ్ నిర్దోషి. సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నల్ సెట్టింగ్‌లు ఫైళ్లలా కనిపించే చోటు) మీ డివైస్ కింద క్యూ ఫోల్డర్ ఉంటుంది, మిగతా స్విచ్‌లు చాలావరకు అందులోనే ఉన్నాయి. నోమెర్జెస్‌లో 2 రాస్తే రిక్వెస్ట్‌లు కలపడం పూర్తిగా ఆగిపోతుంది. దాంతో బగ్ పోయిందంటే పట్టిక తయారుచేసే కోడ్, సెగ్మెంట్ లిమిట్లు చూడాలి. షెడ్యూలర్‌ని నన్ నుంచి ఎంక్యూ-డెడ్‌లైన్‌కి మార్చండి, 4.19 బగ్‌కి ఈ ఒక్క మార్పే అప్పట్లో తాత్కాలిక మందు. మ్యాక్స్ సెక్టార్స్ తగ్గించి, ఏ సైజు దాటితే పాడవుతోందో కనుక్కోండి. అది 64 కేబీ దగ్గరో 128 కేబీ దగ్గరో తెగితే మీ హార్డ్‌వేర్ ఒక్కో సెగ్మెంట్‌కి ఎంత తీసుకోగలదో డేటాషీట్‌లో చదివి, డ్రైవర్ బ్లాక్ లేయర్‌కి చెప్పిన లిమిట్‌తో పోల్చండి. క్యూ డెప్త్ 1కి దించితే పోయిందంటే రేస్ కండిషన్ (రెండు పనులు ఒకేసారి నడిచి వరస తప్పడం) గానీ ట్యాగ్ గొడవ గానీ ఉంది.

స్విచ్ ఆపితే బగ్ పోవడం ఫిక్స్ కాదు, దారి చూపించే గుర్తు మాత్రమే. క్యూ డెప్త్ 1 పెట్టి కస్టమర్‌కి ఇచ్చేసి చేతులు దులుపుకున్న టీమ్‌లు ఉన్నాయి. స్పీడ్ పోయింది, బగ్ మాత్రం అరుదుగా అయినా వస్తూనే ఉంది.

వీటితోపాటు ప్రతి ఐఓ ప్రయాణాన్నీ లాగ్ చేసే బ్లాక్‌ట్రేస్ పెట్టండి. పాడైన సెక్టార్ నంబర్ మీ దగ్గర ఉంది కాబట్టి లాగ్ మొత్తం చదవక్కర్లేదు, ఆ సెక్టార్ వరకే ఏరుకోండి. డీ అంటే డ్రైవర్‌కి పంపారు, సీ అంటే పూర్తయింది, ఆర్ అంటే వెనక్కి వచ్చింది, ఎం, ఎఫ్ అంటే వెనకో ముందో ఇంకోటి కలిసింది. ఒకే రిక్వెస్ట్‌కి డీ, తర్వాత ఆర్, తర్వాత ఎం, మళ్లీ డీ వరసగా కనిపించాయంటే 4.19 కథ మీ ఇంట్లోనూ నడుస్తున్నట్టే.

టైమౌట్ అయినంత మాత్రాన కార్డ్ ఆగిపోదు

రెండు వారాలు పోగొట్టుకున్నానని మొదట్లో చెప్పిన బగ్ ఇది. అప్పుడు నేను పనిచేసిన కంపెనీలో పీసీఐఈ స్టోరేజ్ కార్డ్‌కి డ్రైవర్ రాస్తున్నాం. సీనియర్ అడిగాక తీసిన మొదటి డంప్‌లో 4096 బైట్ల ముక్క ఒకటి ఉంది, 4096 హద్దు దగ్గరే మొదలై హద్దు దగ్గరే ఆగింది. పేరు చూస్తే ఎక్కడో దూరంగా ఉన్న సెక్టార్‌ది. వయసు చూస్తే, అక్కడ అసలు రాయాల్సిన డేటా కంటే కొత్తది. ఆ కొత్తది అన్న మాట దగ్గర ఆయన వేలు పెట్టి ఆపారు. భవిష్యత్తులో పుట్టబోయే డేటా ఇక్కడికి ఎలా వచ్చింది?

తీగ లాగితే డొంకంతా కదిలింది. కార్డ్ లోపల ఫర్మ్‌వేర్ అప్పుడప్పుడు తన సొంత చెత్త ఊడ్చుకునే పనిలో పడి 30 సెకన్లు దాటి జవాబు ఇచ్చేది కాదు. బ్లాక్ లేయర్ మామూలు టైమౌట్ 30 సెకన్లు. మా టైమౌట్ ఫంక్షన్ ఏం చేసేదంటే, ఆ రిక్వెస్ట్‌ని తీసి మళ్లీ క్యూలో పెట్టేసేది, అది కొత్త ట్యాగ్‌తో మళ్లీ వెళ్లి ఈసారి సుఖంగా పూర్తయ్యేది. పైవాళ్లకి ఎర్రర్ ఏమీ కనపడదు, లాగ్‌లో డీబగ్ లెవెల్‌లో ఒక లైన్ తప్ప ఏమీ ఉండదు. పూర్తయింది కదా అని ఆ పేజీని కెర్నల్ విడుదల చేసేది, అది ఇంకో ఫైలు డేటాకి వెళ్లేది. కార్డ్ దగ్గర మాత్రం మొదటి కమాండ్ ఇంకా బతికే ఉంది. తీరిక దొరికాక అది అదే మెమరీ అడ్రస్ నుంచి, ఇప్పుడు వేరేవాళ్ల డేటా ఉన్న పేజీ నుంచి, బైట్లు లాక్కుని పాత సెక్టార్ మీద రాసేది.

గుడి దగ్గర చెప్పుల స్టాండ్‌లో 17వ నంబర్ గడిలో ఒకరి చెప్పులు ఉండగానే, ఆయన చాలాసేపటికీ రాలేదని అదే నంబర్ టోకెన్ ఇంకొకరికి ఇచ్చేస్తే ఏమవుతుందో అదే ఇక్కడ జరిగింది. టోకెన్ మళ్లీ ఎవరికైనా ఇవ్వాలంటే గడి ఖాళీ అయిందని కళ్లారా చూడాలి.

ఫిక్స్ అదే. టైమౌట్ వస్తే రిక్వెస్ట్‌ని వెంటనే ముట్టుకోకుండా కార్డ్‌కి అబార్ట్ కమాండ్ పంపి, టైమర్ మళ్లీ మొదలుపెట్టమని బ్లాక్ లేయర్‌కి చెప్పాం. అబార్ట్ అయిందని కార్డ్ ఒప్పుకుంటే అప్పుడు రిక్వెస్ట్ ముగిస్తాం. ఒప్పుకోకపోతే కొత్త రిక్వెస్ట్‌లు రాకుండా క్యూ ఆపి, పీసీఐ బస్ మాస్టర్ బిట్ తీసేస్తాం. ఆ బిట్ పోయాక కార్డ్ మన మెమరీలో ఒక్క బైట్ కూడా చదవలేదు, రాయలేదు. ఆ తర్వాత కార్డ్ రీసెట్, అది సిద్ధమని చెప్పేదాకా ఎదురుచూపు, చివరికి పెండింగ్‌లో ఉన్నవన్నీ మళ్లీ క్యూలోకి. వరస ముఖ్యం. హార్డ్‌వేర్ చేతులు కట్టేశాకే మెమరీ వదలాలి, ఒక్క అడుగు ముందుకీ వెనక్కీ అయినా బగ్ అలాగే ఉంటుంది, ఇంకా అరుదుగా వస్తుంది కాబట్టి ఇంకా ప్రమాదం.

తర్వాత తెలిసింది ఇంకోటి ఉంది. ఐఓఎంఎంయూ (డివైస్ ఏ మెమరీ తాకొచ్చో కాపలా కాసే హార్డ్‌వేర్) ఆన్ చేసి స్ట్రిక్ట్ మోడ్‌లో పెట్టి ఉంటే, అన్‌మ్యాప్ చేసిన అడ్రస్‌ని కార్డ్ తాకిన మరుక్షణం లాగ్‌లో ఫాల్ట్ పడేది. లేజీ మోడ్‌లో అయితే అన్‌మ్యాప్ వెంటనే అమలు కాదు, ఆ సందులో బగ్ తప్పించుకుంటుంది. ఇప్పుడు నా టెస్ట్ మెషిన్లన్నీ స్ట్రిక్ట్ మోడ్‌లోనే ఉంటాయి, వాటితోపాటు డీఎంఏ ఏపీఐ డీబగ్, కసన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సాధనం) ఆన్. నెమ్మదిగా నడుస్తాయి, నడవనివ్వండి.

బైసెక్ట్ చేస్తే ఓపిక కావాలి

పాత వెర్షన్‌లో లేదు, కొత్తదాంట్లో ఉంది అని గట్టిగా తెలిస్తే గిట్ బైసెక్ట్ చేయండి, అంటే కమిట్లని సగం సగం చేస్తూ బగ్ పుట్టించినదాన్ని పట్టుకోండి. 4.18కీ 4.19కీ మధ్య సుమారు 14 వేల కమిట్లు ఉన్నాయి, 14 అడుగుల్లో తేలిపోతుంది. చిక్కంతా మంచిది అని చెప్పడంలో ఉంది. చెడ్డది అనడానికి ఒక్క ఫెయిల్యూర్ చాలు. మంచిది అనడానికి ఎంతసేపు నడపాలి? బగ్ సగటున 10 నిమిషాలకి వస్తుందనుకోండి, 30 నిమిషాలు నడిపి రాలేదని మంచిది అనేస్తే, తప్పు చెప్పే అవకాశం 5 శాతం దాకా ఉంది. ఒక్కసారికి తక్కువే అనిపిస్తుంది, కానీ 14 అడుగుల్లో సగం చోట్ల, అంటే ఏడు చోట్ల, అలాంటి 5 శాతాలు కలిస్తే ఎక్కడో ఒకచోట దారి తప్పే అవకాశం 30 శాతానికి చేరుతుంది. 50 నిమిషాలు నడిపితే ఒక్కో అడుగుకి అది ఒక శాతం కంటే తక్కువకి దిగుతుంది. అందుకే సగటుకి కనీసం ఐదు రెట్లు నడపండి. బైసెక్ట్ చివర్లో బగ్‌కి ఏ సంబంధమూ లేని కమిట్ చూపిస్తే, ఎక్కడో తొందరపడి మంచిది అని ఉంటారు.

ఫిక్స్ నిజంగా పనిచేసిందని ఎలా తెలుస్తుంది

ఫిక్స్ పెట్టాక ఒక రాత్రి నడిచింది కాబట్టి పోయింది అనుకోవద్దు. బగ్‌కి కారణం ఇదీ అని మీరు చెప్తున్నారు కదా, ఆ కారణాన్ని బలవంతంగా, మాటిమాటికీ పుట్టించండి. బిజీ దారి అయితే డ్రైవర్‌లో టెస్టు కోసం ప్రతి ఏడో రిక్వెస్ట్‌కీ బిజీ తిప్పి పంపే నాలుగు లైన్లు పెట్టండి. టైమౌట్ దారి అయితే కెర్నల్‌లో ఫాల్ట్ ఇంజెక్షన్ ఉంది, ఐఓ టైమౌట్ ఫెయిల్ ఆన్ చేస్తే పూర్తయిన రిక్వెస్ట్‌లని కూడా పూర్తి కానట్టు మింగేస్తుంది. ఇలా చేసి ఫిక్స్ లేకుండా నడిపితే నిమిషాల్లో పాడవ్వాలి. పాడవ్వకపోతే మీరు అనుకున్న కారణం తప్పు, మళ్లీ హెక్స్ డంప్ దగ్గరికే వెళ్లండి. తర్వాత ఫిక్స్‌తో అదే టెస్టు రాత్రంతా నిలబడాలి. బ్లాక్ లేయర్ కోడ్‌నే మార్చి ఉంటే నల్_బీఎల్‌కే అనే ఉత్తుత్తి డిస్క్ డ్రైవర్ మీద రీక్యూ, టైమౌట్ ఆప్షన్లతో ఇదంతా హార్డ్‌వేర్ లేకుండా చేయొచ్చు, బ్లాక్ లేయర్ టెస్టుల కట్ట బ్లాక్‌టెస్ట్స్ కూడా నడపండి. ఫ్లష్ బగ్ అయితే రాతల్ని వరసగా రికార్డు చేసే డీఎం-లాగ్-రైట్స్ వాడి, ప్రతి ఫ్లష్ దగ్గరా కరెంట్ పోయినట్టు నటించి ఫైల్‌సిస్టమ్ నిలబడుతుందో లేదో చూడొచ్చు.

ప్యాచ్ పంపేటప్పుడు కమిట్ మెసేజ్‌లో బైట్లు ఎలా పాడయ్యాయో రాయండి. ఎన్ని బైట్లు, ఏ హద్దు దగ్గర, లోపల ఏముంది, ఏ వరసలో జరిగితే వస్తుంది. రేపు ఇంకో ఊళ్లో ఇంకొకరు అదే ఆకారం చూసి వెతికినప్పుడు మీ మెసేజ్ దొరకాలి. ఫిక్సెస్ ట్యాగ్‌లో బగ్ పుట్టించిన కమిట్ ఇవ్వండి, స్టేబుల్ మెయిలింగ్ లిస్ట్‌ని కాపీలో పెట్టండి, అది లేకపోతే పాత కెర్నల్ వాడేవాళ్లకి ఫిక్స్ ఎప్పటికి చేరుతుందో చెప్పలేం. శుభ్రం చేసే మార్పులు, పేర్లు మార్చడాలు ఇందులో కలపొద్దు, అవి వేరే ప్యాచ్.

ఇక ఆ డ్రైవర్ వాడినవాళ్ల సంగతి. ఫిక్స్ కొత్తగా పాడవకుండా ఆపుతుందే గానీ, పాడైనవి పాడైనట్టే ఉంటాయి. బగ్ ఏ తేదీన ఆ మెషిన్‌లోకి వచ్చిందో, అంటే ఆ వెర్షన్ ఎప్పుడు ఇన్‌స్టాల్ అయిందో, ప్యాకేజ్ లాగ్‌లో చూసి రాసిపెట్టండి. ఆ తేదీ తర్వాత తీసిన బ్యాకప్‌లలో కూడా పాడైన డేటా ఉండొచ్చు. అంతకుముందు తీసిన బ్యాకప్ ఏదైనా ఉంటే, రొటేషన్‌లో అది చెరిగిపోకుండా ఆ రోజే విడిగా తీసి దాచమని చెప్పండి, నేను ఫోన్ చేసి చెప్పే మొదటి మాట ఇదే. బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్‌లు ఉన్నవాళ్లు స్క్రబ్ (డేటా అంతా చదివి చెక్‌సమ్ చూడడం) నడపాలి. ఈఎక్స్‌టీ4 చెక్‌సమ్ మెటాడేటాకే, ఫైలు లోపలి డేటాకి కాదు, కాబట్టి ఎఫ్ఎస్‌సీకే శుభ్రంగా వచ్చినంత మాత్రాన ఫైళ్లు బాగున్నట్టు కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో చెక్‌సమ్‌లు ఆన్ చేసి ఉంటే సర్వర్ ఆపి పీజీ_చెక్‌సమ్స్‌తో అన్ని పేజీలూ చూడొచ్చు. ఆన్ చేసి లేకపోతే పాత బ్యాకప్ వేరే మెషిన్‌లో ఎక్కించి, అప్పటి నుంచి మారకూడని టేబుళ్లని ఒక్కొక్కటిగా పోల్చి చూడడం ఒక్కటే దారి, దానికి ఎన్ని రోజులు పడుతుందో ఆ రోజులు పడుతుంది.